వెనక గేటు తాళం గురించి మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ట్రెజరర్ మేడమ్‌కి, మిగతా సభ్యులందరికీ నమస్కారం.

నేను సి బ్లాక్‌లో ఉంటాను. ఆరేళ్లుగా మెయింటెనెన్స్ టైముకి కడుతున్నాను, జనరల్ బాడీ మీటింగ్‌లో వెనక వరసలో కూర్చుని సమోసా తిని వచ్చేసే బాపతు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, కమిటీ మీద నాకు పాత కక్షలేమీ లేవు, వచ్చే ఎన్నికల్లో నిలబడే ఉద్దేశం అంతకన్నా లేదు. వాట్సాప్ గ్రూపులో రాద్దామనే అనుకున్నాను గానీ అక్కడ నాలుగు లైన్లు దాటితే ఎవరూ చదవరు, పైగా మధ్యలో ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టి పోతారు. అందుకే ఇలా బయట రాస్తున్నాను. మన కాలనీ పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో నల్లగండ్ల నుంచి కొల్లూరు దాకా ఏ గేటు లోపల కూర్చుని చదివినా ఇది మా గురించే కదా అనుకుంటారు, అనుకోవాలి కూడా.

విషయం జూన్ 5 సర్క్యులర్. పర్యావరణ దినోత్సవం నాడు క్లబ్‌హౌస్‌లో మొక్కలు పంచుతామని, ఆ తర్వాత 'గ్రీన్ ట్రావెలర్' పేరుతో జ్ఞాపికలు ఇస్తామని రాశారు. ఎవరికి అంటే, ఎలక్ట్రిక్ కారు కొన్న ఫ్లాట్ల వాళ్లకి. మంచిదే, చప్పట్లు కొట్టడానికి నేనూ వస్తాను. కానీ అదే కాగితం మీద, మొక్క బొమ్మకి రెండంగుళాల కింద, ఇంకో రెండు నిర్ణయాలు ఉన్నాయి. బహుశా టైపు చేసినవాళ్లు కూడా పైదీ కిందదీ కలిపి చదివి ఉండరు. పనివాళ్ల సైకిళ్లు ఇకమీదట సెల్లార్‌లో పెట్టకూడదు, కాంపౌండ్ గోడ బయట పెట్టుకోవాలి. నవంబర్ నుంచే తాళం పడి ఉన్న వెనక వైపు చిన్న గేటుని భద్రతా కారణాల రీత్యా ఇక శాశ్వతంగా మూసేస్తారు, అందరూ మెయిన్ గేటు నుంచే రావాలి.

అంటే ఈ కాలనీకి రోజూ చుక్క పెట్రోలు ఖర్చు కాకుండా వచ్చేవాళ్లు ఎవరైతే ఉన్నారో, వాళ్ల సైకిళ్లు బయటికి గెంటి, వాళ్లు నడిచే దారికి తాళం వేసి, ఆ పైన మనకి మనమే దండ వేసుకుంటున్నాం.

కోపంగా రాస్తున్నానని అనుకోకండి, కోపం మొదటి రోజే అయిపోయింది. ఒక రోజు పొద్దున ఆరున్నరకి పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగి, సెక్యూరిటీ రూమ్ పక్కన అరుగు మీద కూర్చున్నాను, ఊరికే చూద్దామని. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, హౌస్‌కీపింగ్ పిల్లలు, ఇస్త్రీ ఆయన, తోట పని తాత, పిల్లల్ని చూసుకునే ఆయాలు, ట్యూషన్ చెప్పే ఒక అమ్మాయి, డ్యూటీ మారే వాచ్‌మెన్లు. నడిచి వచ్చేవాళ్లని లెక్కపెట్టడం యాభై దగ్గర ఆపేశాను, ఇంకా వస్తూనే ఉన్నారు. ఎనిమిది అయ్యాక రెండో వరస మొదలైంది, లోపల నుంచి బయటికి. అద్దాలు ఎక్కించుకుని ఏసీ వేసుకుని ఒక్కో కారు, కారుకి ఒక్కో మనిషి. ఆ ఒక్కో మనిషిలో నేనూ ఒకణ్ని, మామూలుగా ఎనిమిదింబావుకి నా కారు వెళ్తుంది.

ఇది మన ఒక్క కాలనీ కథ కూడా కాదు. 2011 జనాభా లెక్కల్లో, పొలం పని, ఇంటి పరిశ్రమ కాకుండా మిగతా పనులు చేసేవాళ్లు పనికి ఎలా వెళ్తారని అడిగారు. దేశం మొత్తం మీద అలాంటివాళ్లు దాదాపు 20 కోట్లు. అందులో నాలుగున్నర కోట్ల మంది నడిచి వెళ్తామన్నారు, రెండున్నర కోట్ల పైచిలుకు సైకిల్ అన్నారు, రెండు కోట్ల పైన బస్సు అన్నారు. కార్లు, జీపులు, వ్యాన్లు అన్నీ కలిపితే అరకోటికి కాస్త ఎక్కువ, అంతే. పదిహేనేళ్ల నాటి లెక్క, ఈలోగా బైకులు విపరీతంగా పెరిగాయి, ఒప్పుకుంటాను. అయినా ఆ కాలినడక వాళ్లంతా ఎక్కడికీ పోలేదు, రోజూ పొద్దున ఆరున్నరకి మన గేటు ముందు రిజిస్టర్‌లో సంతకం పెడుతున్నారు. కారులో వచ్చే చుట్టానికి సంతకం అక్కర్లేదు, అది వేరే సంగతి.

గత ఏడాది వానాకాలంలో మా కారు ఇంజన్లోకి నీళ్లు పోయి వర్క్‌షాపులో పడింది. "రేపు సార్, రేపు సార్" అంటూ 19 రోజులు ఉంచుకున్నారు. ఆ 19 రోజుల్లో నాకు ఈ ఊరి గురించి తెలిసినంత అంతకు ముందు ఇన్నేళ్లలో తెలియలేదు. మొదటి రెండు రోజులు క్యాబ్ ఎక్కాను. వాన పడగానే రేటు రెండింతలైంది, మూడో రోజు నుంచి బస్సు. మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది కాబట్టి మనకి దానితో పని లేదు. లింగంపల్లి వైపు నడిచి వెళ్లి, మెహదీపట్నం పోయే 216 బస్సుల్లో ఏదో ఒకటి పట్టుకుని, గచ్చిబౌలిలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో.

బస్సు సంగతి సరే, బస్సు దాకా నడవడం ఉంది చూశారూ, అసలు పరీక్ష అది. వెనక గేటు తెరిచి ఉంటే బస్టాప్‌కి నాలుగు నిమిషాలు. మెయిన్ గేటు నుంచి చుట్టూ తిరిగి వెళ్తే పదిహేను, ఫోన్లో టైము పెట్టుకుని మరీ చూశాను. ఆ పదిహేనులో మొదటి అడ్డంకి మన సొంతం. కాంపౌండ్ గోడ బయట ఫుట్‌పాత్ మీద మనం పెట్టించిన సిమెంటు కుండీలు, ఎవరూ బండ్లు ఆపకుండా. కుండీల్లో మొక్కలున్నాయి కాబట్టి అదీ పర్యావరణమే అంటారేమో, మనిషి మాత్రం అక్కడ రోడ్డు మీదికి దిగాల్సిందే, దిగితే వెనక నుంచి నీళ్ల ట్యాంకర్ హారన్. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. ఆ తర్వాత మూత లేని డ్రైనేజీ, ఎవరో పుణ్యాత్ముడు అందులో చెట్టు కొమ్మ నిలబెట్టాడు గుర్తుగా. ఆ తర్వాత ఇడ్లీ బండి, ఆయన మీద నాకేం కోపం లేదు, మూడు రోజులు టిఫిన్ అక్కడే చేశాను. ఇంత దాటుకుని బస్టాప్‌కి చేరితే అది బస్టాప్ అని చెప్పడానికి ఒక స్తంభం మాత్రమే ఉంది. నీడ లేదు, బల్ల లేదు. వానొస్తే పక్కనున్న మందుల షాపు షట్టర్ కిందికి పరుగు.

అక్కడే ఒక సాయంత్రం మా ఇంట్లో పనిచేసే అక్క కనిపించింది. పటాన్‌చెరు నుంచి వస్తుంది. పొద్దున బస్సు, లింగంపల్లి దగ్గర దిగి నడక, మనవి మూడు ఫ్లాట్లు, పక్క కాలనీలో రెండు, మళ్లీ నడక, మళ్లీ బస్సు. నేను ఆ స్టాప్‌లో కనిపించేసరికి ఏదో కష్టం వచ్చిందనుకుంది పాపం. "కారు అమ్మేసిండ్రా సారూ?" అని గొంతు తగ్గించి అడిగింది. కాదు, రిపేరు అన్నాక ఊపిరి పీల్చుకుంది. బస్సు రావడానికి ఇంకా టైము ఉంది కదా అని నేనే ఒక పిచ్చి ప్రశ్న వేశాను, ఉచిత బస్సు వచ్చాక ఎలా ఉందని.

చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంది, అందులో ఆధార్ కార్డు, మడత పెట్టిన పది నోట్లు, మన ఫ్లాటు తాళం చెవి. కవర్ చూపించి చెప్పింది, ఇంతకు ముందు షేర్ ఆటోలకి నెలకి ఎనిమిది తొమ్మిది వందలు పోయేవట, పైసలు లేని రోజు సగం దూరం నడిచేదట, ఇప్పుడు ఆ డబ్బు కూతురి కాలేజీ ఖర్చుకి పోతోందట. "మంచిగనే ఉంది సారూ, బస్సు దొరకాలె గంతే." మరి బస్సులో అయితే పొగ తక్కువ, ఊరికి మంచిది, ఆ లెక్కన నువ్వు ఊరికి సాయం చేస్తున్నట్టే కదా అక్కా అన్నాను, ఆ రోజే ఏదో చదివిన పాండిత్యం. ఆవిడ నా మొహం చూసి పకపకా నవ్వింది. "కారుంటే నేను బస్సెందుకెక్కుత సారూ?"

కమిటీ పెద్దలూ, నేను ఈ లేఖలో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ ఊళ్లో పర్యావరణానికి మేలు చేసే ప్రయాణం ఎవరు చేస్తున్నారంటే, అది ఎంచుకోనివాళ్లు. ఎంచుకునే వీలున్న మనం దాన్ని ఎంచుకోం, దాని మీద ఉపన్యాసం చెప్తాం, సర్క్యులర్ అచ్చేస్తాం. ఇష్టపడి ఎక్కినా గతిలేక ఎక్కినా బస్సు వదిలే పొగ ఒక్కటే, గాలికి ఆ తేడా తెలియదు. కానీ గతిలేక చేసేవాడు గతి రాగానే మానేస్తాడు. ఎందుకు మానడూ? మా నాన్న సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీకి ఇరవై ఏళ్లు సైకిల్ మీద వెళ్లాడు, ఎవరూ ఆయనకి జ్ఞాపిక ఇవ్వలేదు. సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్న రోజు మాత్రం వీధంతా లడ్డూలు పంచాడు. ఆ సైకిల్ మేడ మెట్ల కింద తుప్పు పట్టింది. ఆ లడ్డూ రుచి నాకు ఇంకా గుర్తే, కాబట్టి బండి కొనుక్కునేవాణ్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

మన నైట్ వాచ్‌మన్ సంగతే చూడండి. ఆయన సైకిల్ మీరంతా చూసే ఉంటారు, సీటు చిరిగిపోతే పాల కవర్లు చుట్టి దారంతో కట్టుకున్నాడు, ముందు బుట్టలో స్టీలు డబ్బా. సెల్లార్‌లో సైకిళ్లు వద్దన్న రూలు కాగితం మీదికి ఇప్పుడొచ్చింది గానీ, నోటి మాటగా దసరా నుంచే అమలవుతోంది. గోడ బయట పెట్టిన రెండో వారంలో బెల్ పోయింది, ఆ తర్వాత ఎవరో గాలి తీశారు, ఒక రాత్రి పన్నెండింటి వానకి చైను తుప్పెక్కింది. సంక్రాంతి తర్వాత కొడుకు పేరు మీద నెలవారీ కిస్తీలకి బండి తీసుకున్నాడు. జీతం ఎంతో మనకి తెలుసు, మనమే ఇచ్చేది. ఎందుకన్నా ఈ వయసులో అప్పు అంటే ఆయన చెప్పిన మాట మీరు మీటింగ్ మినిట్స్‌లో రాసుకోవాలి: "సైకిలైతే గేటు కాడ ఆపుతరు సార్, బండైతే గేటు లేపుతరు."

ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీ ప్రకటనా ఆ సైకిల్‌ని రోడ్డు మీద నుంచి తీసెయ్యలేదు. మనమే తీసేశాం, ఒక రూలుతో.

ఇప్పుడు డబ్బు విషయానికి వస్తాను, దీని మీద గ్రూపులో గొడవవుతుందని తెలుసు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మన గ్రూపులో వారానికొకసారి ఆ చర్చ వస్తూనే ఉంది. ఖజానా ఖాళీ అవుతోంది, ఊరికే తిరుగుతున్నారు, మా ట్యాక్స్ డబ్బులు, వగైరా. 2025 జులైకి ఆ జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని ఆర్టీసీ సంబరాలు చేస్తే, ఆ వార్త కింద మనవాళ్లు పెట్టిన నవ్వు బొమ్మలు నాకు గుర్తున్నాయి. 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాల పాలసీ వచ్చింది, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. పదిహేను లక్షల పెట్రోలు కారు కొంటే లైఫ్ ట్యాక్స్ కిందే రెండు లక్షలకి పైన కట్టాలి, అదే ధరకి ఎలక్ట్రిక్ కారు కొంటే ఆ డబ్బు జేబులోనే ఉంటుంది. అది మాత్రం ఎవరి ట్యాక్స్ డబ్బూ కాదు, ఎవరూ నవ్వు బొమ్మ పెట్టలేదు, 'కంగ్రాట్స్' అని కేకు బొమ్మలు పెట్టారు. ఒకరి సున్నా టికెట్టేమో ఉచితం, ఇంకొకరి సున్నా ట్యాక్సేమో ప్రోత్సాహకం!

సరే, ఆడవాళ్లకి ఉచితం. మగవాళ్ల సంగతి? హౌస్‌కీపింగ్ పిల్లలు నెల పాస్ తీసుకుంటారు. 2025 జూన్‌లో ఆర్డినరీ పాస్ 1,150 నుంచి 1,400 అయింది, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600. అక్టోబర్‌లో సిటీ బస్సు టికెట్ల మీద మళ్లీ ఐదో పదో పెరిగింది, స్టేజీల్ని బట్టి. రెండోసారి పెంచినప్పుడు ఆర్టీసీ చెప్పిన కారణం, ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి, వాటికి కావాల్సిన ఏర్పాట్లకి డబ్బు కావాలని. నేను ఆ వార్త రెండుసార్లు చదివాను. బస్సు ఎలక్ట్రిక్ కావాలంటే బస్సెక్కేవాడు డబ్బు కట్టాలి, కారు ఎలక్ట్రిక్ అయితే కారెక్కేవాడికి డబ్బు మిగలాలి. మన కాలనీ కమిటీ దీన్ని మార్చలేదు, తెలుసు, దానికి వేరే చోట వేరే లేఖ రాసుకోవాలి. కానీ అదే పద్ధతిని మనం గేటు లోపల కూడా నడపక్కర్లేదు కదా. కార్పస్ ఫండ్ నుంచి, అంటే మన ఉమ్మడి నిధి నుంచి, సెల్లార్‌లో ఇంకో నాలుగు ఛార్జింగ్ పాయింట్లు పెట్టడానికి చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సెల్లార్‌లోనే పది సైకిళ్లకి జాగా లేదన్నప్పుడు నోరెత్తనివాళ్లలో కూడా నేనున్నాను.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ల మీద పడి ఏడుస్తున్నానని అనుకోకండి. పొగ గొట్టం లేదు, చప్పుడు లేదు, పక్కన నడిచేవాడి ముక్కుకి అది నిజంగా మేలే. కాకపోతే ఆ కరెంటు మన రాష్ట్రంలో చాలావరకు బొగ్గు నుంచే వస్తుంది, రామగుండం, కొత్తగూడెం పొగ గొట్టాలు మన సెల్లార్ నుంచి కనపడవు అంతే. ఇంకొకటి, సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఒక్క మనిషిని మోస్తున్న కారు వెనక అరవై మంది ఉన్న బస్సు ఇరుక్కుంటే, ఆ కారు ఎలక్ట్రిక్ అయినందువల్ల బస్సు ఒక్క గజం ముందుకు జరగదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా సంగతి కూడా చెప్పేస్తాను. నాకో సైకిల్ ఉంది. 32 వేలు పెట్టి కొన్నాను, గేర్లున్నాయి, వాచ్‌మన్ సైకిల్‌కి ఉన్న మడ్‌గార్డులు మాత్రం లేవు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, నానక్‌రామ్‌గూడ నుంచి ఒక కొమ్మ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో కొమ్మ. చాలా బాగుంటుంది, నీడ ఉంటుంది, పైన కరెంటు పుడుతుంది, కింద మనం తొక్కుతాం. ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్తాను. ఎలా వెళ్తానో చెప్పనా? సైకిల్‌ని కారెక్కించుకుని. ఇంటి నుంచి ట్రాక్ దాకా సైకిల్ మీద పోవడానికి నాకు ధైర్యం చాలదు, ఆ రోడ్డు మీద టిప్పర్ల పక్కన. వాచ్‌మన్ ఆ రోడ్డు మీదే రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు, వెనక రెడ్ లైటు కూడా లేకుండా. ట్రాక్ మీద నేను ఎన్నో ఆదివారాలు చూశాను, హెల్మెట్లు, చేతొడుగులు, గుండె కొట్టుకోవడం చూపించే వాచీలు, అన్నీ ఉన్నాయి. టిఫిన్ క్యారేజీ తగిలించిన సైకిల్ ఒక్కటీ కనపడలేదు. పనికి పోయే సైకిల్‌కి ట్రాక్ లేదు, వ్యాయామానికి పోయే సైకిల్‌కి కప్పు కూడా ఉంది. ట్రాక్ కట్టడం తప్పని నేను అనను. ఊళ్లో సైకిల్ అంటే ఎవరు గుర్తొస్తారో అది చెప్తోంది.

ఆ 19 రోజుల తర్వాత కారు వచ్చింది. నేను రోజూ బస్సెక్కడం మానేశాను. వారానికి రెండు రోజులైనా ఎక్కుదామనుకున్నాను, ఎక్కాను కూడా, నవంబర్ దాకా. వెనక గేటుకి తాళం పడ్డాక ఆ పదిహేను నిమిషాల చుట్టు తిరుగుడు, కుండీలు, ట్యాంకర్లు, నా వల్ల కాలేదు. నాకు మానేసే వీలుంది కాబట్టి మానేశాను. మా అక్కకి ఆ వీలు లేదు, కాబట్టి ఆవిడ రోజూ ఆ చుట్టు తిరుగుతోంది, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, మధ్యలో పక్క కాలనీకి పోయి రావడానికి ఇంకో రెండుసార్లు. పని లేటైతే మనం "ఏంటమ్మా ఇవాళ ఇంత ఆలస్యం" అంటాం.

భద్రత సంగతి మీరు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. రెండేళ్ల కింద బి బ్లాక్‌లో కొరియర్ పార్సిళ్లు పోయాయి, వెనక గేటు నుంచే పోయాయని అందరూ అనుకున్నారు, కెమెరాలో ఏమీ తేలలేదు. మెయిన్ గేటు దగ్గర ఇప్పుడు ముగ్గురు గార్డులున్నారు. అందులో ఒకాయన పని కార్లకి సెల్యూట్ కొట్టడం, నాకు తెలిసినంతవరకు అంతకు మించి లేదు. ఆయన్ని పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వెనక గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడితే, అదే రిజిస్టర్, అదే సంతకం, పైసా ఎక్కువ ఖర్చు లేదు. సెల్యూట్ లేకుండా మనం ఆఫీసుకి పోగలం.

సైకిళ్లకి జనరేటర్ పక్కన జాగా ఉంది, పాత సోఫాలు పడేసి ఉన్నాయి చూడండి, వాటి ఓనర్లకి మూడు నోటీసులిచ్చారు. ఆ సోఫాలు తీస్తే పదిహేను సైకిళ్లు పడతాయి, ఒక ఇనప స్టాండు, ఒక గాలి పంపు. పంపు నేను కొనిస్తాను. గోడ బయట కుండీలు మాత్రం తీసెయ్యాల్సిందే, ఆ ఫుట్‌పాత్ మనది కాదు. కాలినడక దారుల్ని వాడుకోవడం పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, మన కుండీలు దానికి అడ్డం. మొక్కల మీద అంత ప్రేముంటే లోపల పార్కులో పెట్టుకుందాం, ఎలాగూ జూన్ 5న ఎక్కడో ఒకచోట నాటాలిగా.

ఇంకోటి కొంచెం పెద్ద కోరిక, జనరల్ బాడీలో మాట్లాడదాం. లింగంపల్లి స్టేషన్ మనకి రెండు కిలోమీటర్లు. అక్కడి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 నుంచి నడుస్తోంది, ఐదు రూపాయల నుంచి టికెట్టు. మన కాలనీలో ఎంతమంది ఒక్కసారైనా ఎక్కారో చెయ్యెత్తమంటే బహుశా వాచ్‌మెన్లే ఎత్తుతారు. రైళ్లు తక్కువే, టైములు చూసుకుని పోవాలి, నిజమే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక మినీ బస్సు మాట్లాడి, స్టేషన్‌కి, వీలైతే రాయదుర్గం మెట్రోకి తిప్పితే, ఎక్కడానికి నాలాంటి నలభై ఏళ్లు దాటిన బద్ధకస్తులు కొందరైనా వస్తారు. పనివాళ్లకి కూడా అందులో సీటివ్వాలి. లిఫ్టు విషయంలో మనం చేసిన ఘనకార్యం బస్సులో చెయ్యకూడదు. ఇంతకంటే ఎక్కువ చెప్పను, లిఫ్టు గొడవ ఇంకా చల్లారలేదు.

జ్ఞాపిక మాటకొస్తే, ఇది చదివి ఎవరికైనా మనసు కరిగి, సరే, ఈసారి పనివాళ్లకే ఇద్దాం, స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పుదాం అని ఆలోచన రావచ్చు. దయచేసి ఆ పని చెయ్యకండి. మా అక్కకి ఆ సాయంత్రం రెండు ఇళ్ల గిన్నెలున్నాయి, ఆపైన ఏడున్నర బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. మీరు ఫోటో దిగి గ్రూపులో పెట్టాక ఆవిడ ఆ జ్ఞాపిక చేత్తో పట్టుకుని మెయిన్ గేటు మీదుగా చుట్టూ తిరిగి బస్టాప్‌కి నడవాలి. జ్ఞాపికలు ఎలక్ట్రిక్ కార్ల వాళ్లకే ఇచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు, పేరు మాత్రం మార్చండి.

వెనక గేటు తాళం చెవి సెక్యూరిటీ రూమ్‌లో క్యాలెండర్ పక్కన మూడో మేకుకి ఉంది, ఎర్ర దారం కట్టి ఉంటుంది. మొన్న నేను గార్డుని అడిగి తీసుకెళ్లి తిప్పి చూశాను, తిరగలేదు, ఆర్నెల్లుగా ఎవరూ తియ్యక తాళం బిగుసుకుపోయింది. కాస్త కొబ్బరి నూనె పోసి వచ్చాను. ఇవాళ పొద్దున మళ్లీ చూస్తే తిరిగింది. తెరవలేదు, మళ్లీ వేసి చెవి అక్కడే పెట్టాను. సోమవారం ఆరింటికి కమిటీ వాళ్లు ఎవరైనా వస్తే కలిసి తీద్దాం, ఎవరూ రాకపోతే నేనే వెళ్తాను.

సి బ్లాక్ నుంచి,
ఎనిమిదింబావు కారు మనిషి